తిట్టిన నోటితోనే మాట కలిపిన దౌత్యవేత్త



హువాంగ్ హువా అనే పేరు మన అనంతపురం సీమలో చాలామంది విని ఉండరు. 1976 డిసెంబరు నుంచి 1982 నవంబరు దాకా ఆయన చైనా విదేశాంగ మంత్రి. అంతకు ముందు నలభై ఏళ్ళు దుబాసిగా, రాయబారిగా, ఐక్యరాజ్యసమితిలో ప్రతినిధిగా పనిచేశారు. సోమందేపల్లె మనిషిని, నాకు ఆయనతో ఏం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. మా ఊళ్ళో పట్టుచీరలు నేసే ఇళ్ళున్నాయి. పడుగుకు చైనా పట్టయితే పోగు తెగదని ఏ నేతగాణ్ణి అడిగినా చెబుతాడు. 1962 యుద్ధంతో ముఖాలు తిప్పుకున్న రెండు దేశాలు మళ్ళీ ఎదురెదురుగా కూర్చోకుండా ఉంటే ఆ పట్టూ లేదు, ఆ పట్టు తెచ్చిన లాభమూ నష్టమూ లేవు. ఆ కూర్చున్న ఇద్దరిలో ఒకరు హువాంగ్ హువా. రెండోవారు మన పి.వి. నరసింహారావు గారు.

అసలు మన వైపు నుంచి చైనాకు రాయబారులు వెళ్ళడం కొత్త కాదు. మా ఊరికి దగ్గర్లోనే పెనుకొండ ఉంది. ఆ కొండ బుక్కరాయల కాలానికే విజయనగరం ఏలుబడిలోకి వచ్చింది. ఆ బుక్కరాయలే 1374లో చైనాలోని మింగ్ చక్రవర్తి కొలువుకు రాయబారులను పంపాడు. పెనుకొండ కోట చూడటానికి పిల్లలను తీసుకువెళ్ళే ఉపాధ్యాయులు ఈ సంగతి కూడా చెబితే బాగుంటుంది.

ఇక హువాంగ్ హువా సంగతికొస్తాను. ఆయన 1913లో హెబెయ్ రాష్ట్రంలో పుట్టారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు వాంగ్ రుమెయ్. పీకింగ్‌లో, అంటే నేటి బీజింగ్‌లో, అమెరికా మిషనరీలు నడిపే యెన్‌చింగ్ విశ్వవిద్యాలయంలో చదివారు. అక్కడ ఇంగ్లీషు బాగా పట్టుబడింది. 1935 డిసెంబరులో జపాను దురాక్రమణకు వ్యతిరేకంగా విద్యార్థులు వీధుల్లోకి వచ్చినప్పుడు ముందు వరుసలో నిలబడ్డారు. ఆ మరుసటి ఏడాదే ఎడ్గార్ స్నో అనే అమెరికన్ విలేఖరి మావోను, ఎర్రసైన్యాన్ని కళ్ళారా చూడాలని వాయవ్య కొండల్లోకి బయలుదేరాడు. చదువు పక్కన పెట్టి, ఆయనకు దుబాసిగా ఈ కుర్రవాడూ వెళ్ళాడు. ఆ ప్రయాణంలోంచి పుట్టిన పుస్తకమే 'రెడ్ స్టార్ ఓవర్ చైనా'. కొండగుహల్లో ఉంటున్న కమ్యూనిస్టులు ఎవరో, ఏం కోరుతున్నారో బయటి ప్రపంచానికి మొదట చెప్పింది ఆ పుస్తకమే.

ఇరవై మూడేళ్ళ వయసులో చేసిన ఆ దుబాసి పనే ఆయన జీవితాన్ని మలిచిందని నా అభిప్రాయం. దుబాసి తన మాట మాట్లాడకూడదు. ఎదుటివాడి మాటను కత్తిరించకూడదు, కలపకూడదు. కోపంగా అన్నదాన్ని కోపంగానే, మెత్తగా అన్నదాన్ని మెత్తగానే చేరవేయాలి. అలా ఏళ్ళ తరబడి రెండు పక్కలా వినడం అలవాటైన మనిషికి ఎదుటివాడు పైకి అనేదేమిటో, లోపల కోరేదేమిటో తేలిగ్గా తెలుస్తుంది. 1944లో అమెరికా సైనిక బృందం కమ్యూనిస్టుల స్థావరమైన యెనాన్‌కు వచ్చినప్పుడు వాళ్ళతో సంబంధాలు చూసినవారిలో ఆయన ఉన్నారు. 1946లో కమ్యూనిస్టులకూ, అప్పటి చైనా ప్రభుత్వానికీ మధ్య అంతర్యుద్ధాన్ని ఆపాలని అమెరికా మధ్యవర్తిత్వం చేసినప్పుడు కూడా ఉన్నారు.

1949 నాటి ఘటన ఒకటి కొంచెం వివరంగా చెప్పాలి. ఆ ఏప్రిల్‌లో కమ్యూనిస్టు సైన్యం నాన్‌జింగ్ నగరంలోకి వచ్చింది. అక్కడి అమెరికా రాయబారి జాన్ లీటన్ స్టూవర్ట్. ఆయన చైనాలోనే పుట్టారు, చైనా భాష ఆయనకు తల్లిభాషంత దగ్గర. రాయబారి కాకముందు ఏళ్ళ తరబడి యెన్‌చింగ్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడు. అంటే హువాంగ్ హువా చదువుకున్న చోట పెద్దాయన. నాన్‌జింగ్‌లో విదేశీయుల వ్యవహారాలు చూడటానికి కమ్యూనిస్టు నాయకత్వం ఏరికోరి పంపింది ఈ పాత విద్యార్థినే. గురుశిష్యులిద్దరూ రెండు శిబిరాల తరఫున ఒక గదిలో కూర్చున్నారు. యెన్‌చింగ్‌ను చూసిపోయే మిషతో స్టూవర్ట్ పీకింగ్‌కు రావచ్చనీ, వస్తే మావో, చౌ ఎన్ లై కలుస్తారనీ హువాంగ్ హువా కబురు చెప్పారు. స్టూవర్ట్‌కు వెళ్ళాలనే ఉంది. వాషింగ్టన్ వద్దంది. ఆగస్టులో స్టూవర్ట్ చైనా విడిచి వెళ్ళిపోయారు. ఆ తర్వాత అమెరికా, చైనా కొరియాలో ఒకరి సైనికులను ఒకరు చంపుకున్నారు. మళ్ళీ అమెరికా పెద్ద ఒకరు పీకింగ్ వచ్చి కూర్చోవడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది. ఆ ఒక్క ప్రయాణం జరిగి ఉంటే చరిత్ర మారిపోయేదని నేను అనను. కానీ పిలిచినప్పుడు వెళ్ళకపోవడానికి ఎంత ఖరీదు కట్టాలో అక్కడ తెలుస్తుంది.

తర్వాతి ఇరవై ఏళ్ళు త్వరగా చెబుతాను. కొరియాలో పాన్‌మున్‌జోమ్ చర్చలు, 1954లో జెనీవా, 1955లో ప్రధాని చౌ ఎన్ లై వెంట బాండుంగ్ మహాసభ. మన నెహ్రూ గారు కూడా ఉన్న సభ అది. 1960లో ఘనాకు రాయబారిగా వెళ్ళారు. 1966లో ఈజిప్టుకు మారారు. అప్పుడే చైనాలో సాంస్కృతిక విప్లవం చెలరేగింది. దేశదేశాల్లో ఉన్న చైనా రాయబారులందరినీ వెనక్కి పిలిచారు. ఒక్క హువాంగ్ హువా మాత్రం కైరోలో మిగిలారు. 1969లో ఆయన్నూ పిలిచి, పల్లెలో పొలం పనులకు పంపారు. రాయబారిగా ఉన్న మనిషి యాభై ఆరేళ్ళ వయసులో మట్టి పనికి వెళ్ళి, ఆ తర్వాత మళ్ళీ పిలుపు వస్తే ఏమీ జరగనట్టు బల్ల ముందు కూర్చున్నారు. ఆ నిబ్బరం అందరికీ ఉండదు.

ఆ పిలుపు చిన్నది కాదు. 1971 జులైలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ సలహాదారు కిసింజర్ పాకిస్తాను మీదుగా రహస్యంగా పీకింగ్‌లో దిగాడు. విమానం దగ్గర ఎదురు వెళ్ళినవారిలో హువాంగ్ హువా ఉన్నారు. నిక్సన్ చైనాకు వస్తారన్న ప్రకటనలో ఏ మాట ఉండాలి, ఏ మాట ఉండకూడదు అని కిసింజర్‌తో కూర్చుని తేల్చింది ఆయనే. ఆ నెలలోనే కెనడాకు రాయబారిగా వెళ్ళారు. అక్టోబరు 25న ఐక్యరాజ్యసమితి చైనా సీటును పీకింగ్ ప్రభుత్వానికి ఇచ్చింది. అక్కడ తొలి శాశ్వత ప్రతినిధిగా న్యూయార్క్ చేరారు. మరుసటి ఫిబ్రవరిలో ఎడ్గార్ స్నో స్విట్జర్లాండ్‌లో క్యాన్సర్‌తో చివరి రోజుల్లో ఉన్నాడని తెలిసి, వెళ్ళి ఆయన మంచం పక్కన కూర్చుని వచ్చారు. నాకు ఆయన మీద గౌరవం పెంచిన సంగతుల్లో ఇదొకటి.

ఇక మన దేశానికి గుచ్చుకున్న భాగం. 1971 డిసెంబరులో బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. భద్రతామండలిలో హువాంగ్ హువా లేచి భారతదేశాన్ని దురాక్రమణదారు అన్నారు. సోవియట్ యూనియన్ అండ చూసుకుని పాకిస్తాను మీద పడ్డారని నిందించారు. కోటిమంది కాందిశీకులు మన దేశంలోకి వచ్చిపడిన సంవత్సరం అది. వాళ్ళ గోడు పక్కన పెట్టి మనల్ని తప్పుపట్టిన ఆ ప్రసంగాలు అన్యాయమైనవి. ఈ మాట నేను దాచుకోను. 1972 ఆగస్టులో బంగ్లాదేశ్‌ను ఐక్యరాజ్యసమితిలో చేర్చుకోవడానికి అడ్డుపడుతూ చైనా తన మొట్టమొదటి వీటో వేసింది. ఆ చెయ్యి ఎత్తింది కూడా ఆయనే.

1971 డిసెంబరు 10న తెర వెనక జరిగిన మరో సంగతి చాలా ఏళ్ళ తర్వాత అమెరికా కాగితాలు బయటపెట్టినప్పుడు తెలిసింది. కిసింజర్ న్యూయార్క్‌లో ఒక రహస్యపు ఇంట్లో హువాంగ్ హువాను కలిశాడు. భారత సరిహద్దు మీద చైనా సైన్యం కదిలితే బాగుండునని సూచించాడు. అలా కదిలినందుకు ఎవరైనా చైనా మీదికి వస్తే అమెరికా ఊరుకోదని కూడా అన్నాడు. హువాంగ్ హువా విని, ఆ కబురు పీకింగ్‌కు పంపారు. చైనా సైన్యం కదలలేదు. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాను సైన్యం లొంగిపోయింది. సభలో అన్ని మాటలన్న దేశం కొండల మీద ఒక్క అడుగు ముందుకు వేయలేదు. మాటకూ చేతకూ మధ్య ఉండే ఆ దూరాన్ని చూడటం నేర్చుకుంటే పత్రికల్లో విదేశీ వార్తలు చదివే తీరే మారిపోతుంది.

సరిగ్గా ఆ నెలల్లో హైదరాబాదులో ముఖ్యమంత్రి కుర్చీలో ఉన్నది పి.వి. నరసింహారావు గారు. 1971 సెప్టెంబరు చివర్లో బాధ్యతలు తీసుకున్నారు. భూసంస్కరణలతో, సొంత పార్టీ వాళ్ళతో సతమతమవుతున్నారు. పదేళ్ళలో తాను ఆ చైనా ప్రతినిధికి ఎదురుగా కూర్చుంటానని ఆయన అనుకుని ఉండరు.

ఆ పదేళ్ళలో మెల్లగా కదలిక వచ్చింది. 1976లో కె.ఆర్. నారాయణన్ గారిని పీకింగ్‌కు రాయబారిగా పంపారు. 1962కు ముందే ఖాళీ అయిన కుర్చీ అది. 1979 ఫిబ్రవరిలో విదేశాంగ మంత్రి వాజ్‌పేయి గారు చైనా వెళ్ళారు. అక్కడ ఆయనకు ఆతిథ్యం ఇచ్చిన మంత్రి హువాంగ్ హువాయే. వాజ్‌పేయి గారు ఇంకా చైనాలో ఉండగానే చైనా సైన్యం వియత్నాం మీద దాడికి దిగింది. అతిథి ఇంట్లో ఉండగా చేసిన ఆ పని మన దేశానికి అవమానంగా తోచింది. వాజ్‌పేయి గారు పర్యటన మధ్యలో ఆపి వెనక్కి వచ్చేశారు. మరుసటి ఏడాది హువాంగ్ హువా ఇక్కడికి రావలసి ఉంది. కంపూచియాలో, అంటే కంబోడియాలో, వియత్నాం నిలబెట్టిన ప్రభుత్వాన్ని మనం గుర్తించడంతో ఆ ప్రయాణం వాయిదా పడింది. ఈసారి అలిగింది వాళ్ళు.

చివరికి 1981 జూన్ చివరి వారంలో హువాంగ్ హువా వచ్చారు. 1960 ఏప్రిల్‌లో చౌ ఎన్ లై వచ్చి నెహ్రూ గారితో వారం రోజులు మాట్లాడి, ఉత్త చేతులతో వెళ్ళిన తర్వాత, అంత పెద్ద చైనా నాయకుడు ఢిల్లీలో దిగడం అదే మొదలు. విదేశాంగ మంత్రిగా ఎదురుగా కూర్చున్నది పి.వి. గారు. ఆ జూన్ 28కే ఆయనకు అరవై నిండాయి. హువాంగ్ హువాకు అరవై ఎనిమిది. ఒకరు దుబాసిగా మొదలైనవారు. ఇంకొకరు మరాఠీ నవలను తెలుగులోకి, విశ్వనాథ వారి 'వేయిపడగలు' నవలను హిందీలోకి తెచ్చినవారు. ఇద్దరికీ ఎక్కడ మౌనంగా ఉండాలో తెలుసు.

ఆ చర్చల్లో సరిహద్దు ఒక్క అంగుళం కూడా తేలలేదు. మన పల్లెల్లో గట్టు తగాదా ఎన్నో ఏళ్ళు నడిచాక, రెండు ఇళ్ళ పెద్దలు ముందు ఒకరి వాకిట్లోకి ఒకరు వస్తారు. గట్టు సంగతి ఆ రోజు ఎత్తినా తెగదు. కానీ ఫలానా రోజు మళ్ళీ కూర్చుందామని మాట అనుకుంటారు. ఢిల్లీలో జరిగింది అదే. ఏటా అధికారుల స్థాయిలో సరిహద్దు చర్చలు జరపాలని నిర్ణయించారు. మొదటి విడత ఆ డిసెంబరులోనే పీకింగ్‌లో జరిగింది. 1987 దాకా మొత్తం ఎనిమిది విడతలు సాగాయి. రెండోది, కైలాస మానస సరోవర యాత్ర. 1962తో మూతపడ్డ ఆ దారిని చైనా తెరిచింది. 1981 సెప్టెంబరులోనే తొలి జట్టు బయలుదేరింది. అప్పటి నుంచి మన తెలుగు జిల్లాల నుంచి ఎంతమంది ఆ సరస్సులో మునిగి, కైలాసం చుట్టూ ప్రదక్షిణ చేసి వచ్చారో! మనల్ని సభలో అంత మాట అన్న మనిషి చేతి మీదుగానే ఆ దారి తెరుచుకుంది.

1984లో రెండు దేశాలు వాణిజ్య ఒప్పందం చేసుకున్నాయి. అప్పటికి హువాంగ్ హువా పదవిలో లేరు. 1982 నవంబరులో సోవియట్ అధినేత బ్రెజ్నెవ్ అంత్యక్రియలకు మాస్కో వెళ్ళి, బద్ధశత్రువుల్లా ఉన్న సోవియట్ నాయకులతో కూడా మాట కలిపి వచ్చిన కొద్ది రోజులకే ఆయన్ను మంత్రి పదవి నుంచి తప్పించారు. కానీ దారి పడింది. ఆ దారిన వచ్చిన సరుకుల్లో మా ఊరికి తగిలింది పట్టు.

దీని గురించి కొంచెం ఆగి చెప్పాలి. ధర్మవరం, సోమందేపల్లె, హిందూపురం చుట్టుపక్కల ఒకే ఊళ్ళో రెండు రకాల బతుకులు పట్టు మీద ఆధారపడి ఉన్నాయి. ఒకటి నేతగాడిది. చీరకు పడుగు వందల సార్లు లాగుడు తట్టుకోవాలి. పోగు సన్నం లావు లేకుండా ఒకే తీరుగా ఉండాలి. చైనా పట్టు ఆ పనికి బాగా ఒదిగింది. పేకకు మన నాటు గూళ్ళ పట్టు సరిపోతుంది. పడుగు మంచిదైతే పోగులు అతుక్కుంటూ కూర్చునే బాధ తప్పుతుంది, చీర తొందరగా దిగుతుంది. రెండోది మల్బరీ రైతుది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని ఈ నేలలో, బోరు కింద ఎకరమో రెండెకరాలో మల్బరీ పెట్టి, నెల రోజులు ఇంటిల్లిపాదీ పురుగులకు ఆకు వేస్తారు. గూడు కట్టాక ఎక్కువ రోజులు దాచలేరు. పది పన్నెండు రోజుల్లో లోపలి పురుగు చిలుకై గూడు చీల్చుకుని వస్తుంది. చీలిన గూడు దారం తీయడానికి పనికిరాదు. అందుకే హిందూపురం గూళ్ళ మార్కెట్లో ఆ రోజు వేలంలో పలికిన రేటే రైతు రేటు. రేపు చూద్దామనే వీలు లేదు. చైనా పట్టు చౌకగా దిగుమతి అయిన రోజుల్లో ఆ రేటు పడిపోయి రైతులు ఏడ్చిన సందర్భాలు మా ప్రాంతానికి బాగా తెలుసు. 2003లో కేంద్ర ప్రభుత్వం చైనా ముడిపట్టు మీద యాంటీ డంపింగ్ సుంకం వేసింది. అప్పుడు నేతగాళ్ళు పట్టు ఖరీదు పెరిగిందన్నారు, రైతులు ఊపిరి పీల్చుకున్నారు. ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్ళవాళ్ళు ఒకే కబురుకు ఒకరు సంతోషించి, ఒకరు బాధపడతారు. అందుకే ఢిల్లీలోనో బీజింగ్‌లోనో కూర్చునే మన అధికారికి హిందూపురం మార్కెట్ రేటు కూడా తెలిసి ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

పి.వి. గారు ఆ పనిని అక్కడితో వదల్లేదు. 1988 డిసెంబరులో రాజీవ్ గాంధీ గారితో కలిసి విదేశాంగ మంత్రిగా బీజింగ్ వెళ్ళారు. 1993 సెప్టెంబరులో ప్రధానిగా వెళ్ళినప్పుడు, 7వ తేదీన వాస్తవాధీన రేఖ వెంట శాంతి, ప్రశాంతతల ఒప్పందం కుదిరింది. మన పక్షాన సహాయ మంత్రి ఆర్.ఎల్. భాటియా, చైనా పక్షాన తాంగ్ జియాషువాన్ సంతకాలు చేశారు. సరిహద్దు ఎక్కడ అన్నది తేలేదాకా ఉన్న రేఖను ఇద్దరూ గౌరవించాలి, బలప్రయోగం చేయకూడదు అన్నది దాని సారం. 1975 తర్వాత 2020 దాకా ఆ రేఖ మీద ఘర్షణల్లో ఒక్క ప్రాణం పోలేదు. ఆ నలభై అయిదేళ్ళూ ఊరికే రాలేదు.

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో ఆ శాంతి చెదిరింది. మన సైనికులు 20 మంది అమరులయ్యారు. వాళ్ళకు నాయకత్వం వహించిన కర్నల్ సంతోష్‌బాబు సూర్యాపేట బిడ్డ. మరణానంతరం ఆయనకు మహావీర చక్ర వచ్చింది. అంత జరిగాక చైనాతో మాటలెందుకు అని అడిగేవారి బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ తర్వాత కూడా సైనిక కమాండర్లు, దౌత్యవేత్తలు విడతలు విడతలుగా కూర్చున్నారు. 2024 అక్టోబరులో గస్తీ మీద అవగాహన కుదిరింది. 2020 నుంచి ఆగిపోయిన మానస సరోవర యాత్ర 2025లో తిరిగి మొదలైంది. కర్నల్ సంతోష్‌బాబు లాంటి ఇంకో బిడ్డను ఏ తల్లీ పోగొట్టుకోకుండా చూడాలంటే, సరిహద్దులో సైన్యం ఎంత గట్టిగా ఉండాలో, బల్ల దగ్గర మన మనిషి అంత గట్టిగా ఉండాలి.

హువాంగ్ హువా తొంభై నాలుగేళ్ళ వయసులో ఆత్మకథ అచ్చువేసి, 2010 నవంబరు 24న తొంభై ఏడేళ్ళ వయసులో కన్నుమూశారు. ఆయన మన మిత్రుడు కాడు. తన దేశం కోసం పనిచేశాడు, మనకు నష్టం చేసే మాటలూ మాట్లాడాడు. అయినా ప్రతి తగాదాలోనూ తిరిగి వచ్చి కూర్చోవడానికి ఒక కుర్చీ ఖాళీగా ఉంచుకున్నాడు. 1949లో, 1971లో, 1981లో, 1982లో ఆయన చేసింది అదే. ఒక దౌత్యవేత్తను నేను ఆ కొలతతోనే కొలుస్తాను, ఏ దేశం వాడైనా సరే.

పెనుకొండలోనో, హిందూపురంలోనో, అనంతపురంలోనో డిగ్రీ చదువుతున్న పిల్లలకు చివరగా ఒక మాట. మన దేశంలో విదేశాంగ సేవలోకి వెళ్ళే దారి సివిల్ సర్వీసు పరీక్షే. కలెక్టరు ఉద్యోగానికి రాసే పరీక్షే అది. అందులో చేరిన ప్రతివారికీ ఒక విదేశీ భాష నేర్పిస్తారు, వాటిలో చైనా భాష ఒకటి. పరీక్ష దాకా ఆగక్కర్లేదు, హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో చైనా భాష నేర్పుతున్నారు. మన జిల్లా నుంచి ఇంజనీర్లు, డాక్టర్లు వేలమంది వెళ్ళారు. చైనాతో ఎదురుగా కూర్చుని మాట్లాడేవాళ్ళు కూడా ఇక్కడి నుంచి వెళ్ళాలి. మగ్గం ఇంట్లో, మల్బరీ తోటలో పెరిగిన పిల్లలకు ఆ బల్ల మీద ఏం పోతుందో, ఏం వస్తుందో వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ పరీక్షకు దరఖాస్తు చేయండి, ఆ భాష నేర్చుకోండి. తల్లిదండ్రులారా, వాళ్ళను ఆపకండి.